కెమెరాకు చిక్కని పొట్టి మనిషి

1923 అక్టోబరు. సుమత్రా దీవిలో పాలెంబాంగ్ పట్టణానికి ఉత్తరాన పులావ్ రిమావ్ అడవి. వాన్ హెర్వార్డెన్ అనే డచ్చి వలసదారు అడవి పందుల కోసం తుపాకీతో కాపు కాశాడు. చాలాసేపు కూర్చున్నా ఒక్క పందీ రాలేదు. లేచి వెళ్లిపోదామనుకుంటుండగా పక్కనున్న చిన్న చెట్టు మీద ఏదో కదిలింది. తేరిపార చూస్తే, మాను కరుచుకుని బిర్ర బిగుసుకుపోయిన ఒక నల్లటి ఆకారం. కదలకపోతే తనను ఎవరూ గమనించరన్న ఆశతో ఉన్నట్టుంది.

తుపాకీ కింద పెట్టి చెట్టెక్కబోయాడు హెర్వార్డెన్. అది కొమ్మ చివరికి జరిగింది. కొమ్మ వంగగానే నేల మీదికి దూకి, రెండు కాళ్ల మీద పరుగందుకుంది. ఆయన దిగి తుపాకీ అందుకుని గురి పెట్టేసరికి ముప్పై గజాల దూరంలో ఉంది. వేలు మీట మీదే ఉంది. కానీ గురిలో ఎగురుతున్న ఆ పొడవాటి జుట్టు కనిపించగానే కాల్చలేకపోయాడు. మనిషిని చంపుతున్నట్టు అనిపించిందట. మరుసటి ఏడాది ఒక డచ్చి ప్రకృతి పత్రికలో ఈ సంగతంతా రాశాడు: ఎత్తు అయిదడుగుల లోపు, ఆడది, గోధుమ రంగు ముఖం మీద రోమాలు దాదాపు లేవు, కళ్లు మనిషి కళ్లలాగే చురుగ్గా ఉన్నాయి.

నమ్మనివాళ్లు ఒకటే మాటన్నారు. వర్ణన మరీ బాగా కుదిరింది. భయపడ్డవాడికి ఇన్ని వివరాలు గుర్తుంటాయా అని. నాకైతే ఆ కథలో వివరాల కంటే పేలని తూటాయే నమ్మదగ్గదిగా తోస్తుంది. అబద్ధం చెప్పేవాడు తన చేతగానితనాన్ని కథకు ముగింపుగా పెట్టుకోడు. అయితే ఆయన నిజాయితీపరుడైనంత మాత్రాన ఆయన చూసిన జీవి ఉన్నట్టు కాదు. ఆ రెండూ వేర్వేరు సంగతులు. వందేళ్లుగా సుమత్రా అడవుల్లో సాగుతున్న వెతుకులాటంతా ఈ రెంటి మధ్య ఉన్న ఖాళీలోనే తిరుగుతోంది.

ఆ జీవి పేరు ఓరాంగ్ పెండెక్. మలయ్ భాషలో ఓరాంగ్ అంటే మనిషి, పెండెక్ అంటే పొట్టి. ఓరాంగుటాన్ అనే పేరులో ఉన్న ఓరాంగ్ కూడా ఇదే. అది ‘అడవి మనిషి’, ఇది ‘పొట్టి మనిషి’. హిమాలయాల యతి, అమెరికా బిగ్‌ఫుట్ సినిమాలెక్కి లోకమంతా తెలిశాయి. ఈ పొట్టివాడికి ఆ భాగ్యం దక్కలేదు. కానీ పద్ధతిగా, ఏళ్ల తరబడి, జీవశాస్త్రపు పనిముట్లతో పరిశోధన జరిగిన వింత జీవి ఏదైనా ఉందంటే అది ఇదేనని చెప్పాలి.

దాల్చినచెక్క లోయ

సుమత్రా పడమటి అంచున పొడుగునా బారిసాన్ కొండలు. వాటి నడుమ కెరించి లోయ. పైన కెరించి అగ్నిపర్వతం, 3,805 మీటర్ల ఎత్తు. మన తూర్పు కనుమల్లోని ఎత్తయిన శిఖరాన్ని ఒకదాని మీద ఒకటి రెండు పేర్చినా అంత కాదు. కొండ కింద డచ్చివాళ్ల కాలంలో వేసిన కాయు ఆరో తేయాకు తోట, బంగాళాదుంప చేలు, దాల్చినచెక్క తోపులు. కొరింజె అన్న పేరుతో ప్రపంచ మార్కెట్లలో అమ్ముడయ్యే దాల్చినచెక్క ఈ లోయదే. తోటలు ఆగిన చోట అడవి మొదలవుతుంది. కెరించి సెబ్లాట్ జాతీయవనం విస్తీర్ణం పదమూడు వేల చదరపు కిలోమీటర్లకు పైమాటే. మన పాత కడప జిల్లా కంటే కాస్త చిన్నది, అంతే. పులులు, టాపిర్లు, మబ్బు చిరుతలు, సియామాంగ్ గిబ్బన్‌లు అక్కడి కాపురస్తులు.

ఇక్కడొక చిన్న ఇబ్బంది చెప్పుకోవాలి. గిబ్బన్, ఓరాంగుటాన్, చింపాంజీ లాంటి తోకలేని జాతికి తెలుగులో విడిగా మాట లేదు. కోతి అన్నా కొండముచ్చు అన్నా తోక ఉండాల్సిందే. మన దేశంలో ఆ జాతి జీవులంటూ ఉన్నది ఈశాన్యపు అడవుల్లోని హూలాక్ గిబ్బన్‌లే. వాటిని మనవాళ్లు ఎన్నడూ చూడలేదు కాబట్టి పేరు పెట్టే అవసరం రాలేదు. సుమత్రా వాళ్ల సంగతి వేరు. చూసిన వాటికీ పేర్లున్నాయి, చూశామని చెప్పుకునే దానికీ ప్రాంతానికో పేరుంది: ఒకచోట సెదపా, ఒకచోట గుగు, కెరించి యాసలో ఉహాంగ్ పండాక్.

ఉందో లేదో తెలియదు, తిండి తెలుసు

ఊళ్లలో అడిగితే దాని దినచర్య గడగడా చెబుతారు. నేల మీదే తిరుగుతుంది. రెండు కాళ్ల మీద నడుస్తుంది. అడవి అల్లం మొవ్వు విరిచి నములుతుంది. పేము చిగుళ్లు, రాలిన దురియన్ పళ్లు దానికి ఇష్టం. కుళ్లిన దుంగల్ని చీల్చి పురుగులు ఏరుకుంటుంది. అడవి అంచున చెరకు, మొక్కజొన్న ఉంటే రాత్రిళ్లు దిగుతుంది. ఒంటరిది. పిరికిది. ఎదురుపడితే పారిపోతుంది గానీ మీదికి రాదు. భుజాలూ ఛాతీ బలిష్ఠం, కాళ్లు పొట్టి. రోమాల రంగు మాత్రం చెప్పే మనిషిని బట్టి నలుపు, గోధుమ, తేనె రంగుల మధ్య మారుతుంటుంది.

ఈ జాబితా కొత్తదేం కాదు. 1910లలో ఎడ్వర్డ్ జేకబ్‌సన్ అనే డచ్చి ప్రకృతి శాస్త్రవేత్త అడవిలో మకాం వేసినప్పుడు, అతని దగ్గరికొచ్చిన వేటగాళ్లు దాన్ని చూశామన్నారు. పడిపోయిన మానులో పురుగుల కోసం వెతుకుతోందట, వీళ్లను చూసి పరుగు తీసిందట. జేకబ్‌సన్‌కు ఆశ్చర్యం వేసింది పరుగుకు కాదు, ఆ పరుగు నేల మీద సాగినందుకు. ఓరాంగుటాన్ అయితే బెదరగానే చెట్టెక్కాలి. సుమత్రా ఓరాంగుటాన్‌లు నేల మీదికి దిగడమే అరుదు. కింద పులి ఉంటుంది మరి. పులులున్న అడవిలో నేల మీద నడిచే పిరికి, ఒంటరి జీవి! అది నిజమైతే విడ్డూరం. కల్పనైతే, కల్పించినవాళ్లు పులి సంగతి మరిచిపోయారన్నమాట. పులిని తాత అనీ అవ్వ అనీ మర్యాదగా పిలుచుకునే జనం ఆ సంగతి మరిచిపోతారంటే నమ్మడం కష్టం.

జంతుశాస్త్రంలో మామూలుగా ముందు జంతువు దొరుకుతుంది. అలవాట్లు తర్వాత తెలుస్తాయి. ఇక్కడ అంతా తలకిందులు. ఏం తింటుందో, ఎప్పుడు తిరుగుతుందో, ఎంత సిగ్గరో అంతా తెలుసు. లేనిది జంతువే.

వెనక్కి తిరిగిన పాదాలు

ఆ అలవాట్ల జాబితాలో ఒకటి మనకు బాగా పరిచయం. దాని పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయట. జాడ పట్టుకుని ఎంత దూరం నడిచినా అది ఉన్న చోటికి కాక అది బయల్దేరిన చోటికి చేరతారట. చిన్నప్పుడు ఎండాకాలం రాత్రుళ్లు ఆరుబయట మంచాల మీద దెయ్యాల కథలు విన్న వాళ్లెవరికైనా ఇది చప్పున తగులుతుంది. తెల్లచీర, విరబోసుకున్న జుట్టు, వెనక్కి తిరిగిన పాదాలు. మా వీధిలో కొత్తగా ఎవరొచ్చినా ముందు కాళ్ల వంక చూసేవాళ్లం. హిమాలయాల్లో యతి పాదాల గురించీ ఇదే మాట చెబుతారు.

దీని మీద నాకొక అనుమానం ఉంది, అనుమానమనే చెబుతున్నాను. మన పాదంలో బొటనవేలు లోపలివైపు ఉంటుంది. ఎలుగుబంటికి పెద్ద వేలు బయటివైపు. అంటే ఎలుగు ఎడమ కాలి గుర్తు చూస్తే మనకు కుడి కాలులా తోస్తుంది. సుమత్రాలో ఉండే చిన్న నల్ల ఎలుగు, మెడ కింద పసుపు మచ్చతో ఉండే సన్ బేర్, పాదాలు లోపలికి తిప్పుకుని నడుస్తుంది. బురదలో వెనక పాదం ముందు పాదం గుర్తు మీద పడితే గోళ్ల గీతలు చెరిగి, పొడుగ్గా, మనిషి పాదంలాంటి అచ్చు మిగులుతుంది. కుడి ఎడమలు తారుమారైన ఆ అడుగుల వరస చూసినవాడు ‘ఈ కాళ్లు సరిగ్గా లేవు’ అని ఇంటికెళ్లి చెప్పడంలో వింతేముంది? పైగా ఆ ఎలుగు వెనక కాళ్ల మీద లేచి నిలబడి వాసన చూస్తుంది. దుంగలు చీల్చి పురుగులు, తేనె తింటుంది. జేకబ్‌సన్ కాలంలో కెరించి నుంచి వచ్చిన పాదముద్రను శాస్త్రజ్ఞులు చివరికి ఈ ఎలుగు ఖాతాలోనే వేశారు.

శాస్త్రజ్ఞులంటే ముఖ్యంగా డామర్‌మన్. జావాలోని బోయిటెన్‌జోర్గ్, అంటే నేటి బోగోర్, జంతుశాస్త్ర మ్యూజియం పెద్ద. కొట్టిపారేయడానికి తొందరపడలేదు, చెప్పినవన్నీ కూర్చుకుని విచారించాడు. 1932లో ఆయన ముందుకు ఏకంగా కళేబరమే వచ్చింది. పొట్టి మనిషిని పట్టి తెస్తే బహుమతి అన్న ప్రచారం జరిగింది, రోకాన్ ప్రాంతం నుంచి పిల్ల ఓరాంగ్ పెండెక్ శవం దొరికిందని పత్రికలు మోత మోగించాయి. పరీక్షిస్తే అది లుటుంగ్, అంటే మన కొండముచ్చు దాయాది. ఒంటి మీద వెంట్రుకలు గొరిగేశారు. తోక కోసేశారు. పళ్లు అరగదీశారు. ఆ దెబ్బతో పండితులు ఈ విషయం నుంచి తప్పుకున్నారు. తర్వాత యుద్ధం, స్వాతంత్ర్యం. అర్ధ శతాబ్దం పాటు ఊళ్లవాళ్లు చూస్తూనే ఉన్నారు, వినేవాళ్లే లేరు.

ముప్పై ఆరు ఫొటోల ఓపిక

1989లో డెబ్బీ మార్టిర్ అనే ఇంగ్లీషు విలేకరి కెరించి కొండెక్కడానికి వచ్చింది. దారి చూపే మనిషి మాటల్లో మాటగా అక్కడ పులులున్నాయి, ఖడ్గమృగాలున్నాయి, ఓరాంగ్ పెండెక్ ఉందని చెప్పాడు. అదేదో రోజూ కనిపించే మేకలాగా. ఆ మామూలు గొంతే ఆమెను పట్టుకుంది. దెయ్యాల గురించి చెప్పేటప్పుడు మనిషి గొంతు తగ్గిస్తాడు. ఇతను తగ్గించలేదు. ఆమె ఊరూరా తిరిగి, చూశామన్నవాళ్ల మాటలు రాసుకుంది. 1994లో తానే చూశానంది. లోయ అవతల, నేల మీద, రెండు కాళ్ల మీద నడిచి వెళ్లిన ఒక జీవి. ఫొటో తీయలేకపోయింది.

ఫ్లోరా అండ్ ఫానా ఇంటర్నేషనల్ సంస్థ సాయంతో, ఫొటోగ్రాఫర్ జెరెమీ హోల్డెన్ తోడుగా, 1990ల నడుమ అసలు పరిశోధన మొదలైంది. పాదముద్రలకు ప్లాస్టర్ అచ్చులు, వెంట్రుకల సేకరణ, కెమెరా ఉచ్చులు. కెమెరా ఉచ్చంటే చెట్టుకు మోకాలెత్తున కట్టిన పెట్టె. ముందునుంచి ఒంటి వేడి ఉన్నదేదైనా కదిలితే దానంతట అదే ఫొటో తీస్తుంది. ఇప్పటి డిజిటల్ కాలంలో ఇది ఎంత తేలికో, అప్పుడు అంత నరకం. ఒక రీలుకు 36 ఫొటోలు. ఎండకు వేడెక్కిన ఆకు గాలికి ఊగితే చాలు, ఒక ఫొటో ఖర్చు. రీలు మార్చాలంటే జలగల మధ్య రోజుల తరబడి కొండెక్కాలి. తేమకు కటకం బూజు పట్టేది. దిగి వచ్చి రీలు కడిగిస్తేగానీ ఏం పడిందో తెలియదు.

ఇలాంటి విచారణలో కెమెరా కంటే కష్టమైంది మనుషుల్ని అడగడం. ‘పొట్టి మనిషిని చూశావా?’ అంటే, దూరం నుంచి వచ్చిన అతిథిని నిరాశపరచడం ఇష్టంలేని రైతు చూశాననే అంటాడు. అందుకని జంతువుల బొమ్మలు పేర్చి, వాటిలో ఆ అడవిలో అసలు లేనివీ కలిపి, ఏవేవి చూశావో చెప్పమంటారు. సింహాన్ని కూడా చూశానన్నవాడి సాక్ష్యం పక్కన పెడతారు. ఎప్పుడు, ఎంత దూరంలో, వెలుతురెంత, ఏం తింటోంది, ఎటు పోయింది అని వేర్వేరు రోజుల్లో మళ్లీ అడుగుతారు. మన పోలీసుల కంటే ఓపిక కావాలి.

ఏళ్లు గడిచాయి. ఓరాంగ్ పెండెక్ ఒక్క ఫొటోలోనూ పడలేదు.

ఏం పడ్డాయో చూస్తే మతి పోతుంది. పులులు, బంగారు పిల్లులు, టాపిర్లు. 1998లో సుమత్రా చారల కుందేలు పడింది. మ్యూజియం పెట్టెల్లో ఎండిన చర్మాలుగా తప్ప బతికున్నదాన్ని చూసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. 2002లో కొండ మొరుగుజింక దొరికింది. 1914లో శాస్త్రానికి పరిచయమై, 1930 తర్వాత కనిపించకుండా పోయిన జింక అది. దాన్ని పట్టిచ్చింది కెమెరా కాదు, వేటగాడి ఉచ్చు. ఉచ్చు విప్పి వదిలేశారు. లేనిదాని కోసం పెట్టిన కాపలాలో, లేవనుకున్నవి ఒక్కొక్కటే వచ్చి నిలబడ్డాయి.

2001లో ఆడమ్ డేవీస్ అనే ఇంగ్లీషు అన్వేషకుడి బృందం గునుంగ్ తుజు సరస్సు దగ్గర ఒక పాదముద్ర అచ్చు, కొన్ని వెంట్రుకలు సంపాదించింది. అచ్చు చూసిన కేంబ్రిడ్జి ప్రైమేట్ శాస్త్రవేత్త డేవిడ్ చివర్స్ తెలిసిన ఏ జాతికీ సరిపోలేదన్నాడు. వెంట్రుకలు ఆస్ట్రేలియాలో హాన్స్ బ్రున్నర్ దగ్గరికెళ్లాయి. డింగో కుక్క ఎత్తుకుపోయిందన్న పసిపాప కేసులో సాక్ష్యం చెప్పిన వెంట్రుకల నిపుణుడు ఆయన. ఆయనా ఇది తెలియని ప్రైమేట్ కావచ్చన్నాడు. తర్వాత డీఎన్ఏ తీస్తే వచ్చింది మనిషిది. ఏరిన చేతుల నుంచో, పొట్లం కట్టిన చేతుల నుంచో అంటుకుని ఉండాలి. ఇలాంటి వెంట్రుకల కథలన్నిటికీ ముగింపు ఇంచుమించు ఇదే. మన మేఘాలయ గారో కొండల్లో మాండె బరుంగ్ అనే అడవి మనిషి వెంట్రుకలని 2008లో ఇంగ్లండు పంపినవి గోరల్ అనే కొండమేకవని తేలాయి.

గుహలో దొరికిన ఎముకలు

ఇంతలో ఇంకో దీవి నుంచి ఒక పిడుగు. 2003లో ఫ్లోరెస్ దీవి లియాంగ్ బువా గుహలో మూడున్నర అడుగుల మానవజాతి అస్థిపంజరం బయటపడింది. హోమో ఫ్లోరెసియెన్సిస్. మెదడు పరిమాణం చింపాంజీదంత. 2004లో నేచర్ పత్రిక ఈ వార్త వేసినప్పుడు, ఆ పత్రిక సంపాదకుల్లో ఒకరైన హెన్రీ గీ, యతి లాంటి కథల్లోనూ కాస్త నిజం ఉండొచ్చన్న ఆలోచనను ఇది బలపరుస్తోందని రాశాడు. ఫ్లోరెస్ జనంలో ఎబు గోగో అనే పొట్టి రోమశ మనుషుల కథలు ముందునుంచీ ఉన్నాయి. అక్కడ దశాబ్దాలు పనిచేసిన మానవశాస్త్రవేత్త గ్రెగరీ ఫోర్త్, ఈ మాటల్ని పుక్కిటి పురాణమని తోసేయకుండా ప్రకృతి పరిశీలనగా చదవాలని 2022లో పుస్తకమే రాశాడు. కానీ కాలం అడ్డొచ్చింది. మొదట ఆ ఎముకల వయసు 18,000 ఏళ్లన్నారు. 2016లో మళ్లీ లెక్కగడితే అరవై వేల నుంచి లక్ష ఏళ్లని తేలింది. ఏ అవ్వ కథా అంత వెనక్కి పోదు.

అంతకంటే గట్టి వాదన 2017లో సుమత్రా నుంచే వచ్చింది. ఉత్తరాన బతాంగ్ తోరు అడవిలో ఉన్న ఓరాంగుటాన్‌లు వేరే జాతని తేల్చి తపానులి ఓరాంగుటాన్ అని పేరు పెట్టారు. ఎనిమిది వందలకు మించి లేవు. మనిషంత పెద్ద జీవి, ఇరవై ఒకటో శతాబ్దంలో, కొత్త జాతి! ఓరాంగ్ పెండెక్ అభిమానులు దీన్ని జెండాలా ఎగరేస్తారు. అయితే ఆ ఎనిమిది వందల జీవులు గూళ్లు కట్టాయి, పుర్రెలు వదిలాయి, ఫొటోలకు దొరికాయి. జాతి తేలడం ఆలస్యమైంది తప్ప జంతువులు ఎప్పుడూ కళ్ల ముందే ఉన్నాయి.

నాకిక్కడ మన కలివికోడి గుర్తొస్తుంది. 1848 ప్రాంతంలో జెర్డాన్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు కనుగొన్న పక్షి, 1900 తర్వాత కనిపించకుండా పోయింది. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర ఒక పిట్టలు పట్టే మనిషి రాత్రి దీపం వెలుగులో దాన్ని చేత్తో పట్టుకున్నాడు. పగలు వెతికే శాస్త్రజ్ఞులకు ఎనభై ఏళ్లు దొరకనిది రాత్రి తిరిగేవాడికి తెలుసు. ఆ తర్వాత దాని తిరుగుడు తెలుసుకోవడానికి లంకమల పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, తెల్లారి అడుగులు లెక్కపెట్టారు. కెమెరాలూ పెట్టారు. ఊళ్లవాళ్ల మాటను కొట్టిపారేయకూడదని నేర్పిన పక్షి అది. అదే పక్షి ఇంకోటి కూడా నేర్పుతుంది: చివరికి చేతిలోకి పిట్ట రావాలి.

అందుకే నా వైఖరి చెప్పేస్తాను. ఓరాంగ్ పెండెక్ లేదనే అనుకుంటున్నాను. ఒక జంతువు ఒంటరిగా వందేళ్లు బతకదు. కనీసం కొన్ని వందలుండాలి, అవి చావాలి, ఎముకలు మిగలాలి. రీళ్ల కాలంలో ఫొటో రాకపోవడం పెద్ద సాక్ష్యం కాదు. నేషనల్ జియోగ్రాఫిక్ డబ్బుతో 2005 నుంచి ఏళ్ల పాటు మళ్లీ కెమెరాలు కట్టినా రాలేదు, పులుల లెక్క కోసం డిజిటల్ కెమెరాలు అడవంతా కాపలా కాసినా రాలేదు. అది బరువైన సాక్ష్యం. ఇక ఉచ్చులు. వేటగాళ్లు పెట్టిన ఉచ్చులు వేల కొద్దీ తొలగించారు ఆ అడవిలో. జింక పడింది, పులి పడింది, ఎలుగు పడింది. నేల మీద నడిచే పొట్టివాడు ఒక్కసారీ కాలు పెట్టలేదంటే, వాడికి కాలు లేదనుకోవాలి.

మరి మార్టిర్ చూసిందేమిటి? నేల మీదికి దిగిన గిబ్బనో, లేచి నిలబడ్డ ఎలుగో కావచ్చు. తాను చూసినదాన్ని ఆమె మాత్రం వెనక్కి తీసుకోలేదు. కానీ ఆమె పని నెమ్మదిగా మరో దారి పట్టింది. పొట్టి మనిషి కోసం నడిచిన దారుల్లో ప్రతి మలుపునా పులి ఉచ్చులు కనిపించాయి. సుమత్రా పులులు మొత్తం నాలుగైదు వందలుంటే ఎక్కువ. 2000లో కెరించి సెబ్లాట్‌లో పులి రక్షక దళాలు మొదలయ్యాయి, వాటిని నడిపింది ఆమే. అడవంచు ఊళ్ల యువకులూ వనశాఖ సిబ్బందీ కలిసి రోజుల తరబడి కాలినడకన గస్తీ తిరుగుతారు.

వాళ్లూ నేల చదువుతూనే నడుస్తారు. పులి అడుగు కనిపిస్తే కొలత రాసుకుని ముందుకు పోతారు. రెండు కాళ్ల మీద నడిచినవాడి జాడ, రబ్బరు చెప్పు గుర్తు, కనిపించిందంటే ఆగిపోతారు. ఆ చుట్టుపక్కల ఎక్కడో వంచి కట్టిన మొక్క, ఆకుల కింద తీగ ముడి ఉంటాయని వాళ్లకు తెలుసు.